వాడకూడని సందర్భం

పరుపుల షావుకారు ఆ ఉదయం వేసుకున్న లెక్క చాలా సులువైనది. సాయంత్రం లాడ్జి యజమాని వస్తాడు. నమూనాగా పంపిన పరుపు ఇప్పటికే ఆయన గదిలో ఉంది. నచ్చితే లాడ్జి మొత్తానికి ఆర్డరు ఇస్తాడు. బేరం కుదిరిందా, ఏడాదిగా కదలని సరుకు గోడౌన్ గడప దాటుతుంది. కుదరకపోతే షాపే ఎత్తేయాలి. అందుకని ఆ ఒక్కరోజుకీ కస్టమర్ల మెసేజీల గోలను ఏఐ ఏజెంట్‌కి అప్పగించి, తాను గోడౌన్ సర్దుకుందామనుకున్నాడు.

ఏజెంట్‌ను కుదిర్చింది బావమరిది. దాని చేతికి మూడు టూల్స్ ఇచ్చాడు. ఒకటి ధర చెబుతుంది, ఒకటి షాపు వేళలు చెబుతుంది, మూడోది పాడైన పరుపును వెనక్కి తేవడానికి వ్యాన్ పంపుతుంది. ఒక్కోదానికీ వివరం రాసే పని మాత్రం బావకే వదిలాడు.

"బావా, అది నిన్న చేరిన గుమాస్తా అనుకో. నువ్వు రాసిందే దానికి తెలుసు. ఏది ఎప్పుడు వాడాలో రాయి. ఎప్పుడు వాడకూడదో ఇంకా బాగా రాయి" అన్నాడు.

సరుకు లోపాన్ని సరుకు మీదే రాసుకునే వెర్రివాడు వ్యాపారంలో నిలవడని షావుకారు నమ్మకం. పైగా, అమ్ముడుపోని దానికే పెద్ద బోర్డు పెట్టాలన్నది అతని సూత్రం. ధరకీ, వేళలకీ చెరో ముక్క రాసి వదిలేశాడు. అమ్మిన సరుకును వెనక్కి తెస్తుందని తనకు అస్సలు గిట్టని వ్యాన్ టూల్‌ను మాత్రం ఆకాశానికెత్తాడు. 'ఏ కస్టమర్‌కైనా, ఏ సమస్యకైనా అమోఘమైన పరిష్కారం. సంకోచించకుండా వాడండి. ఫలితం మీరే చూస్తారు.' వాడకూడని సందర్భం రాశావా అని బావమరిది అడిగితే, రాశానన్నాడు.

ఫలితం మధ్యాహ్నం కాకముందే కనిపించింది. దిండు గలీబులున్నాయా అని ఒకావిడ అడిగింది. వ్యాన్ వెళ్లి ఆవిడ పరుపు పట్టుకొచ్చింది. భోజనాల వేళ షాపు తెరిచి ఉంటుందా అని రిటైరైన మాస్టారు అడిగారు. ఆయన మంచమూ బోసిపోయింది. డ్రైవరు కారణం అడగలేదు. ఫోనులో అడ్రసు వచ్చింది, వెళ్లాడు. ఇచ్చినవాళ్లూ అడగలేదు, పాతది పట్టుకెళ్లి కొత్తది ఇస్తారనుకున్నారు. ఈ మాట వీధిలో పాకేసరికి, ఎక్కడెక్కడో కొన్న పరుపులు భుజాన వేసుకుని జనం షాపు ముందు వరస కట్టారు, నల్లులతో సహా.

అంతలో భార్య ఫోను చేసింది.

"ఏమండీ, మా అమ్మ మోకాళ్ల నొప్పులని మెసేజ్ పెడితే, ఆవిడ కింది పరుపు లాక్కొచ్చేశారట. ఏదైనా ఉంటే నాతో తేల్చుకోవాలి గానీ, పెద్దావిడ మీదా మీ ప్రతాపం?"

దిక్కుతోచక షావుకారు ఏజెంట్‌కే మెసేజ్ పెట్టాడు, తన కొంప కూలుతోందని, ఏదో ఒకటి చెయ్యమని. అతని ఇబ్బందికి చింతిస్తున్నామని వెంటనే జవాబొచ్చింది. కాసేపటికి వ్యాన్‌లోంచి అతని సొంత పరుపు దిగింది.

పరుగున వచ్చిన బావమరిది ఏజెంట్‌ను ఆపి, రాసినదంతా చదివాడు.

"రాశానన్నావు కదా బావా?"

"పొగిడితే మాత్రం నమ్మేయడమేనా? ఆ మాత్రం వ్యాపారం తెలియొద్దూ దానికి?"

"అమోఘం అన్నావు, నమ్మింది. ఈ ఊళ్లో నీ మాట నమ్మింది అదొక్కటే."

అప్పటికే బయల్దేరిన చివరి ట్రిప్పు వచ్చి ఆగింది. వెనక లాడ్జికి పంపిన నమూనా పరుపు, ముందు డ్రైవరు పక్కన లాడ్జి యజమాని. సాయంత్రం ఎన్నింటికి రమ్మంటారని అడిగిన పాపానికి, పడుకుని చూస్తున్న పరుపు కిందినుంచి పోయింది. ఆయన గుట్టలు గుట్టలుగా పడి ఉన్న పరుపులను చూశాడు. బావమరిది చేతిలోని ఫోను తీసుకుని చదివాడు.

"ఏ సమస్య వచ్చినా వెనక్కి తీసుకుంటారన్నమాట. బావుంది. ఈ మాటే ఒప్పందంలో రాయండి, ఇక్కడే సంతకం పెడతాను."

షావుకారు మనసులో తూకం వేసుకున్నాడు. రాస్తే ఏటా లాడ్జి మొత్తం గోడౌన్‌కి తిరిగొస్తుంది. రాయనంటే అబద్ధాలకోరన్న పేరుతో ఆర్డరు పోతుంది.

"అది మెషీన్ కోసం రాసింది సార్" అని నసిగాడు.

"అయితే నాకోసం ఇంకోటి రాయండి."

రెండువైపులా నష్టమే ఉన్నప్పుడు చిన్న నష్టాన్ని కొనుక్కోవాలి. షావుకారు కూర్చుని, బావమరిది చెప్పిన పద్ధతిలోనే రాశాడు. కుట్లు విడిపోతే వెనక్కి తీసుకుంటాం. తడిస్తే తీసుకోం. రోజూ ఒకే పక్కన పడుకుంటే మూడేళ్లకు కుంగుతుంది. తిప్పి వేసుకుంటే ఇంకొంత కాలం ఆగుతుంది. ఒక్కో ముక్కకీ పన్ను పీకించుకుంటున్నట్టే ఉంది.

లాడ్జి యజమాని రెండుసార్లు చదివాడు.

"కుంగదన్నవాడి దగ్గర కొన్నవే ఇప్పుడు మారుస్తున్నాను. ఎప్పుడు కుంగుతుందో మీరొక్కరే చెప్పారు" అంటూ సంతకం పెట్టాడు.

ఆ రాత్రికల్లా టూల్స్ వివరాలన్నీ మారాయి. వ్యాన్ కుట్లు విడిపోయినప్పుడే వెళ్లాలని, వేళలూ ధరలూ అడిగినవాళ్ల ఇంటికి వెళ్లకూడదని, అత్తగారి వీధిలోకి అసలే వెళ్లకూడదని షావుకారు స్వయంగా రాశాడు. షట్టరు దించుతుంటే, పైన 'జన్మలో కుంగని పరుపులు' అన్న బోర్డు బావమరిది కంటపడింది.

"దాన్ని కూడా మార్చేద్దామా బావా?"

"అక్కర్లేదులే. అది చదివేది మనుషులు."