మూడున్నర లీటర్ల కంప్యూటరు

ఆదివారం పొద్దున లేవగానే మూడున్నరగారు చిన్న బ్రష్షు పట్టుకుని కంప్యూటరు మూలమూలలా తోమడం మొదలుపెట్టాడు. తన పళ్ళు మాత్రం ఇంకా తోముకోలేదు. పదకొండింటికి చిన్నపెట్టె సంఘం సభ్యులు ఇంటికి వస్తున్నారు. వాళ్ళ ముందు పెట్టె మీద వేలిముద్ర కనిపిస్తే ఇంకేమైనా ఉందా?

మూడున్నర అన్నది కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు, సంఘం పెట్టిన పేరు. ఆ సంఘంలో నీ కంప్యూటరు ఏం పని చేస్తుందని ఎవరూ అడగరు, ఎన్ని లీటర్లని అడుగుతారు. పెట్టె పొడవూ వెడల్పూ ఎత్తూ గుణించి లీటర్లలో చెప్పుకోవడం వాళ్ళ ఆచారం. ఎన్ని తక్కువ లీటర్లైతే మనిషి అంత గొప్పవాడు. ఈ ఇంట్లో పెట్టె మూడున్నర లీటర్లు. ఈయన నీటి సరఫరా ఆఫీసులో సూపరింటెండెంటు. ఇరవై ఏళ్ళుగా ఊరికి లీటర్లు లెక్కగట్టిన మనిషికి లీటర్లలోనే ఇంత కీర్తి దక్కడం దైవసంకల్పమని ఆయన నమ్మకం.

నెల కిందటి వరకూ ఇంట్లో బీరువాకు తమ్ముడిలాంటి పాత కంప్యూటరు ఉండేది. ఆయన భార్య స్కూల్లో లెక్కల టీచరు. పదేళ్ళుగా ప్రశ్నపత్రాలూ మార్కుల జాబితాలూ దాని మీదే చేసుకునేది. సంఘం వాళ్ళు ఎవరైనా చూస్తే తలెత్తుకోలేనని మూడున్నరగారు దాన్ని బల్ల కింద నుంచి లాగేశాడు. "నీ ఫైళ్ళన్నీ చిన్నదాంట్లోకి మార్చేశాను. ఆ బండని పాత సామాన్లవాడికి ఇచ్చెయ్" అన్నాడు. "సరే, నేను చూసుకుంటాలెండి" అంది ఆవిడ. ఆ చూసుకోవడం ఏమిటో ఆయన మళ్ళీ అడగలేదు.

"ఏమండీ, వింటున్నారా?" అంది ఆవిడ ఆ ఉదయం. "ఇవాళ నాలుగింటికల్లా టైమ్‌టేబుల్ ప్రిన్సిపాల్‌గారికి చేరాలి. రేపే స్కూలు తెరుస్తున్నారు. ఇరవై ఇద్దరు టీచర్లు, పద్దెనిమిది క్లాసులు. మూడు వారాలు కష్టపడ్డాను. ఇది బాగుంటే వైస్ ప్రిన్సిపాల్ పోస్టు నాకే ఇస్తానన్నారు. నా పని జోలికి మాత్రం రాకండి."

"రాను. నేనేమైనా చిన్నపిల్లాడినా?" అన్నాడాయన పెట్టెను ముద్దుగా నిమురుతూ.

తొమ్మిదిన్నర దాటాక ఆవిడ చెప్పులేసుకుని గుమ్మం దగ్గర నిలబడి ఏదో చెప్పింది. అప్పుడాయన చేతిలో దుమ్ము ఊదే మిషను రయ్యిమంటోంది. "ఊఁ" అన్నాడు. ఇంకేదో చెప్పింది. దానికీ "ఊఁ" అన్నాడు. ఆవిడ అక్కగారింటికి వెళ్ళిపోయింది.

పదకొండింటికి సంఘం దిగింది. సంఘమంటే ముగ్గురే. ఒకాయన పళ్ళ డాక్టరు, ఒకాయన డ్రైవింగ్ స్కూలు ఓనరు, ఇంకొకాయన రిటైరైన బ్యాంకు మేనేజరు. ముగ్గురూ ఒళ్ళో పసిపిల్లల్లా మెత్తటి గుడ్డలో చుట్టిన పెట్టెలు పట్టుకొచ్చారు. గుడ్డలు విప్పి బల్ల మీద పెట్టారు. నాలుగూ నలుపే. నాలుగూ ఒకే కంపెనీవి. ఒకరు కొన్నారని ఇంకొకరు, ఆయన కొన్నాడని మరొకరు కొన్నవే. అయినా నాది ప్రత్యేకమంటే నాది ప్రత్యేకమని నలుగురూ ఒకళ్ళనొకళ్ళు మెచ్చుకున్నారు.

ముందుగా మౌస్‌ల ముచ్చట నడిచింది. డాక్టరుగారిది ఒంటినిండా చిల్లులున్న మౌస్, బరువు తగ్గడానికట. "నలభై ఎనిమిది గ్రాములు. చేతిలో ఉన్నట్టే తెలియదు" అన్నాడు. రోజంతా జనం పళ్ళలో చిల్లులు పూడ్చే మనిషి ఆదివారం చిల్లులున్న వస్తువు పట్టుకుని మురిసిపోతున్నాడు. డ్రైవింగ్ స్కూలాయనది నిలువు మౌస్. దాన్ని పట్టుకుంటే పెళ్ళిలో వియ్యంకుడికి చెయ్యి కలుపుతున్నట్టుంటుంది. మేనేజరుగారి మౌస్ అసలు కదలదు. పైనున్న బంతిని బొటనవేలితో దొర్లిస్తే చాలు. "మౌసూ కదలకూడదు, మనిషీ కదలకూడదు. అదీ సుఖం" అన్నాడాయన. ఉద్యోగంలో ఉన్న ముప్పై ఏళ్ళూ ఆయన ఆ సూత్రం మీదే నడిచాడని ఊళ్ళో అందరికీ తెలుసు.

మూడున్నరగారు సొరుగు లాగి ముఖమల్ గుడ్డ మీద వరసగా పేర్చిన తన పదకొండు మౌస్‌లు చూపించాడు. ముగ్గురూ గుడిలో ఉన్నంత నిశ్శబ్దంగా చూశారు. వాటిలో ఒక్కదానికీ గీత పడలేదు. ఒక్కదానితోనూ ఎవరూ ఏమీ చెయ్యలేదు కాబట్టి పడే అవకాశమూ లేదు.

అంతా సవ్యంగా సాగుతుండగా డాక్టరుగారు గొంతు సవరించుకున్నాడు.

"మూడున్నరగారూ, ఏమీ అనుకోకండి. నేను కొత్త మూత వేయించాను. నాదిప్పుడు మూడూ నాలుగు."

అంటే మూడు పాయింట్ నాలుగు లీటర్లు. మూడున్నరగారి మొహం జేవురించింది. ఉన్న పేరు ఊడిపోతే ఆ సంఘంలో ఆయన్ని ఏమని పిలుస్తారు?

"కాళ్ళు కలిపే లెక్కగట్టారా?" అన్నాడు.

"రబ్బరు కాళ్ళు ఎవరైనా కలుపుతారా?"

"కలపకపోతే పెట్టె గాల్లో నిలబడుతుందా? వెనక బయటికొచ్చిన మరల మాటేమిటి? అవి లెక్కలోకి రావా?"

మాటా మాటా పెరిగింది. స్కేలు పెట్టి కొలిస్తే గుండ్రటి అంచుల దగ్గర తేడా వస్తోందన్నాడు డ్రైవింగ్ స్కూలాయన. అప్పుడు మూడున్నరగారికి తళుక్కున ఆలోచన వచ్చింది. ఇంట్లో ఆఫీసువాళ్ళ కొలత బకెట్టు ఉంది. నిండా నీళ్ళు పోసి వస్తువు ముంచితే ఎంత నీరు పొర్లితే అంతే ఘనపరిమాణం. కాళ్ళూ మరలూ అన్నీ న్యాయంగా లెక్కలోకి వచ్చేస్తాయి.

కంప్యూటర్లను నీళ్ళలో ముంచడమేమిటని ఆ నలుగురిలో ఒక్కడూ అడగలేదు. "కవర్లో చుట్టి కదా!" అన్నాడు మేనేజరు, అదే పెద్ద జాగ్రత్త అయినట్టు.

పాలిథీన్ కవర్లు వచ్చాయి, రబ్బరు బ్యాండ్లు వచ్చాయి. స్నానాలగది ముందు నలుగురూ పంట్లాలు పైకి మడిచి నిలబడ్డారు. మొదట డాక్టరుగారిది ముంచారు, నాలుగు లీటర్లు పొర్లింది. "కవర్లో గాలి ఉందండీ!" అని ఆయన గగ్గోలు పెట్టాడు. గాలి పోయేలా కవరును గట్టిగా అదిమి మళ్ళీ ముంచారు. న్యాయం అందరికీ సమానమే కాబట్టి నాలుగింటినీ అలాగే అదిమి, అలాగే ముంచారు. చివరికి మూడున్నరగారి వంతు వచ్చింది. ఎలాగైనా గెలవాలని ఆయన మోకాలు పెట్టి అదిమాడు. పెట్టె నీళ్ళలోకి దిగింది. రెండు క్షణాల తర్వాత బుడబుడమని బుడగలు వచ్చాయి.

"ఎంత?" అన్నాడు డాక్టరు.

మూడున్నరగారికి కొలత కనిపించలేదు. బుడగల్లో భార్య మొహం కనిపించింది. టైమ్‌టేబుల్! పెట్టెను పైకి లాగాడు. మూల గుచ్చుకుని కవరు చిరిగింది. చిల్లుల మూతలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. అది చూసి మిగతా ముగ్గురూ తమ కవర్లు విప్పారు. వాళ్ళ పెట్టెలూ కళకళలాడుతూ తడిసి ఉన్నాయి.

తర్వాత గంటలో ఆ ఇంటి హాలు చూడాల్సిందే. నేల మీద దుప్పటి పరిచారు. నాలుగు కంప్యూటర్లూ విప్పేశారు. తల మీద ఫ్యాను, చేతిలో టీచరుగారి జుట్టు ఆరబెట్టుకునే మిషను. ఆరబెట్టే తొందరలో ఎవరి ముక్క ఎవరి పక్కన పెట్టారో చూసుకోలేదు. రెండింటికల్లా దుప్పటి మీద నాలుగు మూతలు, నాలుగు బోర్డులు, వేలెడంత డిస్కులు నాలుగు ఉన్నాయి. ఏది ఎవరిదో చెప్పేవాడు లేడు. నాలుగూ ప్రత్యేకమైనవే మరి.

"నాది చూడగానే గుర్తుపడతాను" అని మేనేజరు ఒక బోర్డు తీసుకున్నాడు. డ్రైవింగ్ స్కూలాయన అది తనదని లాక్కున్నాడు. డాక్టరు ఇద్దరి చేతుల్లోంచీ తీసుకుని, దంతాన్ని చూసినట్టు టార్చి వేసి చూసి, ఇది నాదే అన్నాడు.

"బోర్డులు ఎవరివైతేనేం, మహాప్రభో!" అని మొత్తుకున్నాడు మూడున్నరగారు. "డిస్కు కావాలి. నా భార్య టైమ్‌టేబుల్ అందులో ఉంది. నాలుగింటికి పంపాలి. లేకపోతే ఆవిడ పోస్టు గోవిందా, నా బతుకూ గోవిందా!"

ఎలాగోలా ఒక పెట్టెలో ప్రాణం వచ్చింది. ఒక్కొక్క డిస్కే పెట్టి చూశారు. మొదటిదాంట్లో ఒక కొండ బొమ్మ, పెట్టె లోపల ఎంత వేడి ఉందో చూపే ప్రోగ్రాము ఉన్నాయి. ఇంకేమీ లేదు. రెండోదాంట్లో సముద్రం బొమ్మ, వేడి చూపే ప్రోగ్రాము. మూడోదాంట్లో వేడి చూపే ప్రోగ్రాములు రెండు. నాలుగోదాంట్లో మూడున్నరగారి పెట్టెకే తీసిన మూడు వందల ఫోటోలూ, పదేళ్ళ కిందటి ప్రశ్నపత్రాల నుంచి పోయినేడాది మార్కుల దాకా ఆయన మార్చి పెట్టిన పాత ఫైళ్ళూ ఉన్నాయి. కొత్త టైమ్‌టేబుల్ మాత్రం లేదు.

"నీళ్ళకి కొట్టుకుపోయిందేమో" అన్నాడు డ్రైవింగ్ స్కూలాయన.

"మిగతావన్నీ వదిలేసి నీళ్ళు ఏరికోరి టైమ్‌టేబుల్నే కడిగాయంటారా?" అన్నాడు డాక్టరు. ఆ రోజు సంఘంలో పలికిన తెలివైన మాట అదొక్కటే. ఎవరూ పట్టించుకోలేదు.

టైము మూడైంది. భార్యకు ఫోను చేసే ధైర్యం ఆయనకు లేదు. ప్రిన్సిపాల్‌కు చేసే ధైర్యం మాత్రం ఎక్కణ్ణుంచి వచ్చిందో వచ్చింది.

"సార్, నమస్కారం. టీచరుగారింటి నుంచి మాట్లాడుతున్నాను. టైమ్‌టేబుల్ రావడం కొంచెం ఆలస్యమవుతుందండీ. కంప్యూటరు నీళ్ళలో పడింది."

"నీళ్ళలోనా? ఎలా పడింది?"

మూడున్నరగారు నీళ్ళు నమిలాడు. "పడలేదండీ, ముంచాం. కొలవడానికి."

"అసలు మీరెవరండీ?"

భర్తనని చెప్పడానికి నోరు రాలేదు. అలవాటు కొద్దీ నోటికొచ్చింది చెప్పేశాడు. "నీటి సరఫరా ఆఫీసు సూపరింటెండెంటునండీ."

ప్రిన్సిపాల్‌కు ఏం అర్థమైందో గానీ టైమ్‌టేబుల్ రాదన్న సంగతి అర్థమైంది. ఏ క్లాసుకు ఎవరు వెళ్ళాలో తెలియకుండా ఎనిమిది వందల మంది పిల్లల్ని పిలిచి ఏం చేస్తాడు? పది నిమిషాల్లో తల్లిదండ్రులందరికీ మెసేజీ వెళ్ళిపోయింది, రేపు స్కూలు తెరవడం లేదని.

మూడున్నర గంటలకు టీచరుగారు ఇంట్లో అడుగుపెట్టింది. చేతిలో ఫోను ఆగకుండా మోగుతోంది. హాల్లో దుప్పటి, దాని మీద ముక్కలు, చుట్టూ పంట్లాలు మడిచిన నలుగురు మగవాళ్ళు.

"రేపు సెలవట! ఎందుకో ఏమిటో" అంటూనే ఆవిడ చూపు తన జుట్టు ఆరబెట్టుకునే మిషను మీద పడింది. "ఏం చేశారు?"

మూడున్నరగారు మొత్తం చెప్పేశాడు. ముంచేశానే, నీ మూడు వారాల కష్టం ముంచేశానే అని నిజంగానే కళ్ళు తుడుచుకున్నాడు.

"టైమ్‌టేబుల్ తొమ్మిదిన్నరకే పంపేశాను కదండీ" అంది ఆవిడ. "వెళ్తూ చెప్పాను. మీరు ఊఁ అన్నారు."

"దేని మీద పంపావు? దీంట్లో లేదే!"

"దాంట్లో ఎలా ఉంటుంది? నెల రోజుల్లో తొమ్మిదిసార్లు విప్పారు. నేనెప్పుడు కూర్చుందామన్నా అది తువ్వాలు మీద పడుకునే ఉండేది."

ఆవిడ సామాన్లగది తలుపు తీసింది. ఇస్త్రీ బట్టల పక్కన, పాత చీర కప్పుకుని, బీరువా తమ్ముడు కూర్చుని ఉన్నాడు. ముందు ఒక స్టూలు, గోడకు అంటించిన ఇరవై రెండు పేర్ల కాగితం. పక్కగదిలో మూడు వారాలుగా భార్య రోజూ రెండు గంటలు కూర్చుని పనిచేస్తోంది. ఆయన హాల్లో పెట్టెకు ఫోటోలు తీసుకుంటూ ఒక్కసారి కూడా చూడలేదు. మూడున్నరగారికి సిగ్గేసింది. సంఘంలో చేరాక అలా అనిపించడం అదే మొదలు.

డాక్టరుగారి కళ్ళు మాత్రం వేరేచోట ఉన్నాయి. స్టూలు ముందున్న తోక మౌస్‌ను ఆయన రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకున్నాడు. దాని ఎడమ మీట అద్దంలా మెరుస్తోంది.

"అమ్మా, ఈ నునుపు ఏ పూతతో వచ్చిందండీ? ఇలాంటిది మా సంఘంలో ఎవరి దగ్గరా లేదు."

"పని చేస్తే వస్తుందండీ" అంది టీచరుగారు.

ఆ పూత ఎక్కడ దొరుకుతుందో అడుగుదామని డ్రైవింగ్ స్కూలాయన నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాడు.

ఆవిడ ప్రిన్సిపాల్‌కు ఫోను చేసింది. ఆయన పొద్దున్నుంచీ మెయిలు తెరిచి చూడలేదు. తెరిచాడు. "ఉందమ్మా! అద్భుతంగా ఉంది. ఒక్క టీచరుకీ రెండు క్లాసులు ఢీకొట్టలేదు" అన్నాడు సిగ్గుపడుతూ. స్కూలు యథావిధిగా తెరుస్తున్నామని మళ్ళీ మెసేజీ పంపించాడు. తనవల్ల జరిగిన పొరపాటు కూడా కొంత ఉండడంతో, ఎదుటివాళ్ళను మెచ్చుకునే తొందరలో వైస్ ప్రిన్సిపాల్ పోస్టు ఫోన్లోనే ఖాయం చేసేశాడు.

"అది సరేగానీ, నాకు ఫోను చేసిన ఆ నీళ్ళాయన ఎవరమ్మా?"

ఆవిడ మొగుడి వంక చూసింది. ఆయన పంట్లాం ఇంకా మోకాళ్ళ దగ్గరే ఉంది.

"మీటరు చూడ్డానికి వచ్చారండీ" అంది.

నాలుగు కంప్యూటర్లనూ మళ్ళీ బిగించారు. ఎవరి మూత ఎవరి పెట్టెకూ సరిగ్గా కూర్చోలేదు. ఎవరిది ఎన్ని లీటర్లో ఇప్పటికీ తేలలేదు. మూడున్నరగారి పెట్టె ఇప్పుడు వైస్ ప్రిన్సిపాల్ గదిలో ఫ్యాను గాలికి టైమ్‌టేబుల్ ఎగిరిపోకుండా దాని మీద కూర్చుని ఉంటుంది. కొన్న తర్వాత అది చేస్తున్న మొదటి పని అదే.