దొరకని నానమ్మకు ఓటీపీ

మన దగ్గర ఎవరైనా నిరాశపడదలిస్తే సక్రమంగా, ముందస్తు అనుమతితో, మూడు ప్రతుల్లో నిరాశపడాలి. ఇష్టమొచ్చినట్టు డీలాపడినవారికి ధైర్యం చెప్పడానికి నిబంధనలు ఒప్పుకోవు. నాంపల్లిలో 'పూర్వీకుల అన్వేషణ ప్రోత్సాహక విభాగం' వెలిసింది ఇందుకే. తాతముత్తాతల వివరాలు వెదుకుతూ మధ్యలో ఆగిపోయిన పౌరులకు సాయమూ, ఉత్సాహమూ సరఫరా చేయడం దాని బాధ్యత. (భోజన విరామంలో ఉత్సాహం ఉండదు.)

ఆబిడ్స్‌లో ఉండే రిటైర్డ్ లెక్కల టీచరు విద్యావతి తన నానమ్మ దగ్గర ఆగిపోయింది. ఆమె తండ్రి శ్యామ్‌సుందర్‌కు తొంభై ఒక్క ఏళ్లు. ఈమధ్య ఆయనకు ఒకటే ధ్యాస. రోజూ చాయ్ తాగి, కప్పు కిందపెట్టి, "మా అమ్మ పేరేంది బిడ్డా?" అని అడుగుతాడు. మరిచిపోయి అడగడం కాదు, ఆయనకెప్పుడూ తెలియదు. తల్లి పోయేనాటికి ఆయనకు నాలుగేళ్లు. అత్తగారు ఆమెను 'దుల్హన్' అన్నది, ఆడబిడ్డలు 'వదినా' అన్నారు, మొగుడు 'ఏమే' అన్నాడు. పెళ్లాన్ని పేరుపెట్టి పిలిస్తే నలుగురూ నవ్వుతారని భయపడిన కాలమది. ఇంట్లో మిగిలిన పాత కాగితాల్లో 'భార్య, ఒకటి' అని మాత్రం ఉంది.

తండ్రి ఉండగానే ఆ పేరు ఆయన చెవిన వేయాలని విద్యావతి పంతం పట్టింది. ఏడాదిపాటు చుట్టాలందరి గడపా తొక్కింది. ఎక్కడా దొరకలేదు. ఓపిక చచ్చి, విభాగం వారి 'ముందడుగు' యాప్ తెరిచింది.

యాప్ ఆమె పేరు అడగనే లేదు. దరఖాస్తుదారు మహిళ అయితే భర్త పేరు కొట్టమంది. 'జితేందర్' అని కొట్టింది. తర్వాతి గడిలో 'దొరకని పూర్వీకురాలి పూర్తి పేరు, ఆధార్‌లో ఉన్నట్టు, తప్పనిసరి' అని ఉంది. నిజాయితీగల టీచరు కాబట్టి 'తెలియదు' అని కొట్టింది. వెంటనే జవాబొచ్చింది: 'శ్రీమతి తెలియదు గారి మొబైల్‌కు ఓటీపీ పంపాం. పది నిమిషాల్లో నమోదు చేయండి.'

పది నిమిషాలు కాదు, ఎనభై ఏడేళ్లయింది ఆ మహాతల్లి పోయి. విద్యావతి చెప్పులు వేసుకొని నాంపల్లికి పోయింది.

సహాయ ప్రోత్సాహకాధికారి లక్ష్మణరావు మర్యాదస్తుడు. వాళ్ల తాత యాభైయారులో గుంటూరు నుంచి ఫైళ్లతోబాటు వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. ఫైళ్లూ ఇక్కడే ఉన్నాయి, మర్యాదా పోలేదు.

"మీరు ఆగిపోయినట్టు ఆధారం ఏదండీ?" అన్నాడాయన.

"ఆగిపోయిన్నని నేనే చెప్తున్న గద సార్. గంతకన్న ఆధారం ఏముంటది?"

"అలా అంటే ఎలాగండీ? తొంభై రోజులపాటు ఏమీ దొరకలేదని ధ్రువపత్రం తేవాలి. ఈలోగా పొరపాటున ఏదైనా దొరికిందనుకోండి, మళ్లీ ఒకటో రోజు నుంచి లెక్కపెడతాం."

ప్రోత్సాహం మూడు శ్రేణుల్లో లభిస్తుందని కూడా ఆయన వివరించాడు. మొదటిది 'పరవాలేదు'. రెండోది 'కానివ్వండి'. మూడోది 'శభాష్'. దీనికి మాత్రం పై అధికారి సంతకం కావాలి, ఆ కుర్చీ రెండేళ్లుగా ఖాళీ.

"మా బాపుకు తొంభై ఒకటి సార్. కాయితం తర్వాత ఇయ్యున్రి, జర నోటితోనన్న ధైర్యం చెప్పున్రి."

"నోటిమాటగా ధైర్యం చెప్పే అధికారం నాకు లేదండి," అన్నాడు లక్ష్మణరావు. పాపం, ఆయన ముఖంలో నిజంగానే బాధ కనిపించింది. (బాధకు అనుమతి అక్కర్లేదు.)

విద్యావతి వచ్చి బయట బల్లమీద కూలబడింది. పక్కనే గట్టయ్య అనే పెద్దాయన తన టోకెన్ పట్టుకొని కూర్చున్నాడు. అఫ్జల్‌గంజ్‌లో గిన్నెల మీద పేర్లు కొట్టే దుకాణం ఆయనది. ఊళ్లో సగంమంది పేర్లు కొట్టినా సొంత తాత పేరు తెలియక ఆయనా ఇక్కడే ఆగిపోయాడు.

"ఏందమ్మా, గట్ల నీరుగారి కూసున్నవ్?" అన్నాడు. విద్యావతి చెప్పింది. ఆయన అంతా విని తల గోక్కున్నాడు.

"ఇంట్ల పాత ఇత్తడి సామాన్లు ఉన్నయా? ఆడివిల్లను అత్తగారింటికి తోలేటప్పుడు పుట్టింటోళ్లు బిందె మీద పేరు కొట్టిచ్చి ఇస్తుండిరి. మనిషిని పేరువెట్టి పిలువకున్నా బిందె మీద మాత్రం పేరు ఉండాలె. ఎందుకంటవ్? పోతే బిందె మళ్లీ దొరకాలె గద!"

తాతలనాటి బిందె ఒకటి ఉంది. బాల్కనీలో మనీప్లాంటు అందులోనే పెరుగుతోంది, ఇరవై ఏళ్లుగా గోడవైపు ముఖం తిప్పుకొని. విద్యావతి ఇంటికి ఉరికి, మొక్క పెరికి, చింతపండు పెట్టి తోమింది. మెడ కింద చుక్కలు తేలాయి. చుక్కలు అక్షరాలయ్యాయి. అంబుబాయి.

"బాపూ, అంబుబాయి. నీ తల్లి పేరు అంబుబాయి."

ముసలాయన ఆ పేరును మెల్లగా రెండుసార్లు అని చూసుకున్నాడు. మూడోసారి "అమ్మా" అని గొల్లున ఏడ్చాడు. విద్యావతికీ ఏడుపు ఆగలేదు. (ఈ సంఘటన ప్రోత్సాహం లేకుండా జరిగినందున రికార్డులకెక్కలేదు.)

రికార్డుల ప్రకారం తొంభై రోజులూ ఏమీ దొరకలేదు గనుక, నాలుగు నెలలకు పోస్టులో విభాగం వారి ప్రశంసాపత్రం వచ్చింది. మొదటి శ్రేణి. 'పూర్వీకురాలి పేరు వెదకడంలో ఆబిడ్స్ వాస్తవ్యులు జితేందర్ గారి భార్య కనబరిచిన పట్టుదల పరవాలేదు.'

శ్యామ్‌సుందర్ భూతద్దం పెట్టుకొని చదివాడు. "ఎవరు బిడ్డా గీమె? పేరు లేదా?"

విద్యావతి ఆ కాగితం మడిచి పక్కన పెట్టింది. మరునాడు పొద్దున్నే వంటింట్లోని గిన్నెలు, గ్లాసులు, చెంచాలు కూడా సంచిలో నింపుకొని అఫ్జల్‌గంజ్‌లో దిగింది. గట్టయ్య సంబరపడిపోయాడు. అంబుబాయి దొరికిన సంగతి విని కళ్లు తుడుచుకున్నాడు, చాయ్ తెప్పించాడు, పైసలు వద్దన్నాడు. తర్వాత మొదటి గిన్నె ఒళ్లో పెట్టుకొని, మిషను చేతబట్టి, ఆప్యాయంగా అడిగాడు:

"చెప్పమ్మా, మీ సార్ పేరేంది?"