రావుగారి గుండె నొప్పి

ఆ రోజు పొద్దున నాగలత వేసుకున్న పథకం చాలా చిన్నది. వెంకటరామారావుగారింటికి వెళ్లి, పసిపిల్లను తూకం వేసి, తల్లికి నాలుగు మాటలు చెప్పి, టీ ఇస్తే తాగి, టీకాల వేళకు సబ్ సెంటర్‌కు చేరుకోవాలి. చింతలవాగులో ఇన్నేళ్లుగా ఆశా కార్యకర్తగా తిరుగుతున్న మనిషికి ఏ ఇంట్లో ఎంతసేపు పడుతుందో తెలియకపోదు. తెలియనిదల్లా ఒక్కటే. ఆ ఇంట్లో ఆ రోజు తెల్లవారుజాము నుంచి మిరపకాయలు ఏరుతున్నారు.

చింతలవాగు భద్రాచలం రోడ్డు మీద, అడవి మొదలయ్యే చోట ఉంటుంది. ఊరికి అటు టేకుచెట్లు, ఇటు మిరపతోటలు. తోటల్లో ఎక్కువ భాగం వెంకటరామారావుగారివి. వాళ్ల నాన్న ఎప్పుడో కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ భూమి కొన్నాడు. రావుగారిది భారీ విగ్రహం, భారీ మీసం, అంతకంటే భారీ గొంతు. ఆయన వరండాలో కూర్చుని "మోటారు ఆపండ్రా" అంటే వాగు అవతల పరాయివాళ్ల మోటారు కూడా ఆగిపోతుందని ఊళ్లో చెప్పుకుంటారు.

ఆయన కూతురు మనోజ్ఞ తొలికాన్పుకు పుట్టింటికి వచ్చింది. నెలలు నిండకుండానే ఆడపిల్ల పుట్టింది. భద్రాచలం దవాఖానాలో కొన్నాళ్లు గాజుపెట్టెలో ఉంచి, ఇక ఫర్వాలేదని ఇంటికి పంపారు. నాగలత పిల్లను గుడ్డ ఊయలలో పెట్టి తూకపు కాటాకు తగిలించింది. ముల్లు పోయినసారి ఎక్కడ నిలబడిందో సరిగ్గా అక్కడే నిలబడింది. పాదాలు పట్టుకుని చూస్తే చల్లగా తగిలాయి.

"పెరగలేదా అక్కా?" అంది మనోజ్ఞ. ఆ పిల్ల కళ్లు నిద్రలేక పీక్కుపోయాయి.

"పెరుగుతది. గని కాళ్లు సల్లగున్నయ్. రొమ్ము మీద పెట్టుకొమ్మన్న గద, పెట్టుకుంటలేవా?"

"రాత్రంతా పెట్టుకున్నానక్కా. తెల్లారేసరికి నాకు జ్వరం, వణుకు. భయమేసి పక్కలో పడుకోబెట్టా."

నాగలత జ్వరం చూసి, పాలిచ్చే తల్లికి పనికొచ్చే మాత్ర ఇచ్చి, పడుకోమంది. "ఈ పిల్లకు తన ఒంటి వేడి తనకు సాలదు. ఎవరన్న తమ ఒంటికి ఆనించుకొని వేడి ఇయ్యాలె. లేకుంటే మళ్ల భద్రాచలం తోలుకపోవుడే."

"మళ్లీ ఆ పెట్టెలోనా?" అని మనోజ్ఞ ఏడుపు మొదలుపెట్టింది.

"ఏడ్వకు. అమ్మమ్మ లేదా? పిన్నీ, నువ్వు పెట్టుకో."

మనోజ్ఞ తల్లి పద్మావతమ్మ చేతులు చాచి చూపించింది. వేళ్ల నుంచి మెడ దాకా ఎర్రగా మండిపోతున్నాయి. కాయ ఏరిన ఒంటికి రెండుసార్లు స్నానం చేసినా ఘాటు వదల్లేదు. పనికి వచ్చిన ఆడవాళ్లందరిదీ అదే పరిస్థితి. ఆ ఒళ్లు తగిలితే పసిదాని చర్మం ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. నాగలత తనే పెట్టుకుందామంటే జలుబుతో ముక్కుకు గుడ్డ కట్టుకుని వచ్చింది.

"గింత పెద్ద ఇంట్ల మిరపకాయ ముట్టని మనిషే లేడా?" అంది.

అందరి చూపులూ ఒక్కసారే వరండా వైపు తిరిగాయి. అక్కడ పడక కుర్చీలో, తలస్నానం చేసి, విబూది పెట్టుకుని, రావుగారు పేపరు చదువుకుంటున్నారు. నలభై ఏళ్ల మిరప సేద్యంలో ఆయన చేత్తో ఒక్క కాయ ముట్టుకున్న పాపాన పోలేదు.

"నేనా?" అన్నారు రావుగారు. పైకప్పు మీద పావురాలు లేచిపోయాయి. "మగాణ్ణి, పిల్లను రొమ్ముకు కట్టుకోవడం ఏంటమ్మా? రేపు నేను ఊళ్లో తలెత్తుకు తిరగాలా వద్దా?"

"తల ఎత్తొద్దు బాబాయ్. ఎనకకు వాల్చి ఊకె పండుకుంటే సాలు."

పద్మావతమ్మ మొగుడికి నచ్చజెప్పలేదు, నాగలతకు షరతు పెట్టింది. బారసాల దాకా పిల్ల పరాయి కంట పడకూడదు. ఇంత నలుసు పిల్లకు దిష్టి తగిలితే తట్టుకోలేదు. పైగా వియ్యంకుడు తిరుపతిరావుకు ఫోనులో పిల్ల బొద్దుగా ఉందని చెప్పి ఉంది. తిరుపతిరావు పాల్వంచ థర్మల్ స్టేషన్‌లో షిఫ్టులు చేసి రిటైరైన మనిషి. రెండేళ్ల కిందట పెళ్లి విందులో, ఆయన తోటి ఉద్యోగులు మధ్యాహ్నపు బి షిఫ్టు దిగి వచ్చేసరికి వేటమాంసం అయిపోయింది. ఆ అవమానానికి ఆయన ఈ గడప తొక్కడం మానేశాడు. అలాంటి మనిషికి పిల్ల నలుసంత ఉందని తెలిస్తే 'ఆ ఇంటి తిండే అంత' అనడూ?

"ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యి నాగలతా."

నాగలత ఒట్టేసింది. తర్వాత జరిగినదాంట్లో ఆమె తప్పు ఏమైనా ఉందంటే అదొక్కటే.

ఊళ్లో తెలియదన్న ధైర్యంతో రావుగారు చొక్కా విప్పారు. కుర్చీని హాల్లోకి మార్చారు. నాగలత పిల్లకు టోపీ, మేజోళ్లు తొడిగి, ఆయన గుండెల మీద నిలువుగా ఆనించి, పాత నూలుచీరతో ఇద్దరినీ కలిపి కట్టి, మెడ దాకా దుప్పటి కప్పింది. పిల్ల మొహానికి గాలి ఆడేట్టు, బయటివాళ్లకు కనబడకుండా ఉండేట్టు దుప్పటి అంచు మడిచిపెట్టింది. ఫ్యాను కట్టేసింది. "లేవొద్దు, కదలొద్దు, గట్టిగ ఒర్లొద్దు. గంట తక్కువ గాకుండ ఉండాలె."

పిల్ల ముందు కాస్త గింజుకుంది. తర్వాత చెవి ఆయన గుండెకు ఆనించి, లోపల ఏదో తెలిసిన చప్పుడు వినబడినట్టు ఊరుకుంది. ఆయన అరచేతి కింద అరచేయంత వీపు పైకీ కిందికీ కదులుతోంది. పిల్ల పిడికిట్లో ఆయన ఛాతీ మీది తెల్లవెంట్రుకలు నాలుగు చిక్కుకున్నాయి.

"ఊపిరి తీస్తోంది," అన్నారు, గుసగుసగా.

"తీస్తది గద బాబాయ్."

"అది కాదమ్మా. ఇంత మనిషి... అంతా తనంతట తనే తీస్తోంది." ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నాగలత మొహం తిప్పుకుంది. ఈ విద్య ఎందరికో నేర్పిందామె. అయినా ప్రతిసారీ ఈ ఘడియ దగ్గరికి వచ్చేసరికి ఆమెకు ఒళ్లు జలదరిస్తుంది. సరిగ్గా అప్పుడే సాబిర్ లోపలికి వచ్చాడు.

సాబిర్‌ది రోడ్డు మీద మోటారు వైండింగ్ దుకాణం. ఊరందరికీ కావలసిన మనిషి. మోటారు సంగతి చెప్పడానికి వచ్చినవాడు గుమ్మంలో నిలబడిపోయాడు. ఎండ ఎక్కుతున్న వేళ, ఫ్యాను లేకుండా, దుప్పటి కప్పుకుని, రావుగారు చెమటలు కారుస్తూ, రెండు చేతులూ ఛాతీకి అదుముకుని, కన్నీళ్లతో పడుకుని ఉన్నారు. పక్కనే స్టూలు మీద ఆశా కార్యకర్త కూర్చుని ఉంది.

"రావుసాబ్! తబియత్ ఖరాబైందా?"

"మెల్లగా సాబిర్," అన్నారు రావుగారు. ఆ గొంతు వినబడీ వినబడనట్టుంది. ఇరవై ఏళ్లలో ఆయన మెల్లగా మాట్లాడటం సాబిర్ వినలేదు. గుండెలు జారిపోయాయి పాపం. నాగలతను వరండాలోకి పిలిచాడు.

"సీరియస్సా చెల్లె?"

నాగలతకు ఒట్టు గుర్తొచ్చింది. అబద్ధం చెప్పడం ఆమెకు రాదు. మనసంతా పిల్ల మీదే ఉంది. "కదలకుండ ఎచ్చగ ఉంటే ఏం గాదు అన్నా. జర బరువు పెరిగితే గండం గడిచినట్టే."

సాబిర్ కిటికీలోంచి రావుగారి ఆకారాన్ని కిందికీ పైకీ చూశాడు. "ఇంకా పెరగాల్నా?"

"అవ్. పెరగకుంటే భద్రాచలం తోలుకపోవుడే."

ఇక సాబిర్ అక్కడ నిలబడలేదు. ఆపదలో ఊరుకునే రకం కాదతను. జేబులోంచి ఫోను తీస్తూ మెట్లు దిగాడు.

కాసేపటికి వరండా నిండిపోయింది. ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. చెప్పులు కూడా చప్పుడు కాకుండా విడుస్తున్నారు. అడవి అంచున రెండు ఎకరాలు పెట్టుకున్న దూలయ్య ముందుకొచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తోటకు ఒక్క తడి నీళ్లియ్యమని నెలరోజులుగా అడుగుతున్నాడతను. ప్రతిసారీ రావుగారు ఊరు అదిరేట్టు లేదనేవారు.

"అయ్యా, నీళ్ల సంగతి అడగనీకె రాలే. మిమ్ముల సూసిపోదామని అచ్చిన," అన్నాడు దూలయ్య.

రావుగారు పిల్ల నడినెత్తి మీద గడ్డం ఆనించి, ఎటో చూస్తూ చిరునవ్వు నవ్వారు. "తీసుకో దూలయ్యా. ఎన్ని కావాలంటే అన్ని తీసుకో. నీళ్లు మనతో వస్తాయా?"

దూలయ్య కళ్లొత్తుకుంటూ బయటికి వచ్చి, "అయ్య మనకు దక్కడు," అన్నాడు. వరండా అంతా నిట్టూర్చింది. నాగలతకు అప్పుడు తెలిసింది సంగతి ఎటు పోతోందో. నోరు తెరిచింది. వంటింటి గుమ్మంలోంచి పద్మావతమ్మ కళ్లెర్రజేసి చూసింది. నాగలత నోరు మూసుకుంది. గంట కాస్తా రెండు గంటలైంది. సబ్ సెంటర్ నుంచి ఫోను మోగుతూనే ఉంది.

వాకిట్లో కారు ఆగింది. దాని వెనకే నూట ఎనిమిది అంబులెన్సు ఆగింది. సాబిర్ ఫోను అందుకుని పాల్వంచ నుంచి బయల్దేరిన తిరుపతిరావు కారులోంచి దిగాడు. రెండేళ్లుగా తొక్కని గడప ఒక్క అంగలో దాటి, కుర్చీ పక్కన మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"బావగారూ! నన్ను క్షమించాలి!"

"మెల్లగా..." అన్నారు రావుగారు.

"మెల్లగా చెప్పే విషయం కాదండీ ఇది. ఆ రోజు వేటమాంసం అయిపోలేదు. మా చుట్టాలే క్యారేజీల్లో సర్దుకుని వ్యానులో పెట్టుకున్నారు. నాకు మర్నాడే తెలిసింది. చెప్పడానికి మొహం చెల్లక, తప్పు మీ మీద పెట్టి తిరిగాను."

రావుగారి మొహం ఎర్రబడింది. రెండేళ్లు! ఎంతమంది ముందు ఎంత తలవంపు పడ్డారు! మామూలుగా అయితే ఆ కోపానికి పాల్వంచలో కూడా కిటికీలు అదిరేవి. కానీ గుండెల మీద పిల్ల నిద్రపోతోంది. ఆయన పళ్లు బిగించారు, మీసం వణికింది, మెడ నరాలు ఉబ్బాయి. "రెం...డే...ళ్లు..." అని గాలి మాత్రం బయటికొచ్చింది.

"అటాక్!" అని అరిచాడు అంబులెన్సు కుర్రాడు. "జల్దీ జరుగుండ్రి! ఛాతీ మీద వైర్లు పెట్టాలె!" నాగలత "ఆగు తమ్మీ!" అనేలోగా దుప్పటి లాగేశాడు.

దుప్పటి కింద, పాత నూలుచీర మడతలోంచి, నారింజపండంత తల కనబడింది. టోపీ ఒక చెవి మీదికి జారింది. పిల్ల ఒక కన్ను తెరిచి, అంతమందినీ ఒకసారి చూసి, పెద్దగా ఆవులించి, మళ్లీ కన్ను మూసేసింది.

కుర్రాడి చేతిలో వైర్లు అలాగే వేలాడుతున్నాయి. సాబిర్ పెదాలు మాత్రం కదులుతున్నాయి, ఏదో దువా చదువుతున్నట్టుంది. దూలయ్య తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఎవరూ దగ్గరికి రాలేదు, ఎవరూ వెనక్కి పోలేదు. నాగలత ముందుకు వంగి, మేజోడు తీసి పాదం పట్టుకుంది. పొద్దున మంచుముక్కలా తగిలిన పాదం ఇప్పుడు అప్పుడే దించిన పాలగిన్నెలా వెచ్చగా ఉంది. గాజుపెట్టె లేదు, కరెంటు లేదు, ఒక్క ముసలి గుండె.

"ఎచ్చగున్నది," అంది.

పద్మావతమ్మ పరుగెత్తుకొచ్చి దిష్టి, దిష్టి అని గుండెలు బాదుకుంది. వచ్చినవాళ్లంతా గబగబా తలలు తిప్పుకుని, తామేమీ చూడలేదని ఒకరి తర్వాత ఒకరు ఒట్లేశారు. ఆమె ఎండుమిరపకాయలు తేబోతుంటే, పొగ పిల్లకు పడదని నాగలత చేయి పట్టుకుని ఆపి, ఉప్పుతో సరిపెట్టించింది.

తిరుపతిరావు మాత్రం కదల్లేదు. "ఇంత చిన్నదా బావగారూ?" అన్నాడు. రావుగారు తల ఊపారు. పద్మావతమ్మ తలుపు చాటుకు తప్పుకుంది. ఆ ఇంటి తిండి గురించి ఏదో ఒక మాట వస్తుందని ఎదురుచూసింది. తిరుపతిరావు కళ్లజోడు తీసి తుడుచుకుని, చొక్కా గుండీలు విప్పడం మొదలుపెట్టాడు.

"ఏంటిది బావగారూ?"

"మీరు రెండు గంటలు చేశారు. ఇక దిగండి. మా ఇంటి పిల్ల."

"నేను దిగను. కదలొద్దని నాగలతమ్మ చెప్పింది. నాకు గుండెలో ఇంకా నొప్పిగానే ఉంది."

"మగపెళ్లివాళ్లమండీ మేము! మాకు మర్యాద లేదా?"

"మర్యాద సంగతి క్యారేజీల వాళ్లను అడగండి!"

ఇదంతా గుసగుసల్లోనే. వియ్యంకులిద్దరూ పిల్ల నెత్తి మీదుగా మీసాలు ఆనుకునేంత దగ్గరగా వంగి, ఊపిరితో పోట్లాడుకుంటుంటే, అంబులెన్సు కుర్రాడు మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని నవ్వాపుకుంటున్నాడు. చివరికి నాగలత షిఫ్టులు వేసి తీర్పు చెప్పాల్సి వచ్చింది. పొద్దున అమ్మ తరపు తాత. మధ్యాహ్నం నుంచి, స్నానం చేసి ఒళ్లు తుడుచుకున్నాక, నాన్న తరపు తాత. రాత్రి తల్లి, జ్వరం తగ్గాక. షిఫ్టు అన్న మాట వినగానే తిరుపతిరావు మొహం వెలిగింది. ఒక్క పూటకని వచ్చినవాడు బారసాల దాకా ఉండిపోయాడు.

మరుసటి వారం నాగలత కాటా తగిలించింది. ఇద్దరు తాతలూ చెరోవైపు ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. ముల్లు కదిలి, పాత గీత దాటి, ఇంకాస్త పోయి ఆగింది. మనోజ్ఞ నవ్వుతూ ఏడ్చింది. వాగు అవతల దూలయ్య తోటలో నీళ్లు పారుతున్నాయి. ఆ సంగతి రావుగారికి తర్వాత గుర్తొచ్చి అరుద్దామనుకున్నారు గానీ, పిల్ల లేస్తుందని ఊరుకున్నారు.

బి షిఫ్టుకు మాత్రం ఈసారి ఏ లోటూ జరగలేదు.