మంచు కరిగేదాకా కదపరాదు

చలికాలంలో ఫైర్ స్టేషన్‌లో ఫైరింజన్‌కు ఏం పని?

నవ్వకండి. ఈ ప్రశ్న అడుగుతున్నది హోర్నీ లిపోవ్కా గ్రామ చరిత్ర రాసే యార్మిలా. ఊళ్లో ఎవరు పుట్టారు, ఎవరు పోయారు, ఎవరి గుమ్మడికాయకు సంతలో బహుమతి వచ్చింది, ఇవన్నీ రాసిపెట్టే ఉద్యోగం నాది. ఈ నెల ఊరి పత్రికలో తన పాత మోటార్ సైకిళ్ల గురించి నాలుగు మంచి మాటలు రాయమని మన మేయర్ ఒటకార్ గారు స్వయంగా అడిగారు. పనిలో పనిగా, వాటిని ఉంచిన చోట తేమ పెరుగుతోందని, ఎవరో తలుపు సరిగ్గా మూయకుండా పోతున్నారని ఊరిని హెచ్చరించమన్నారు. రెండూ చేస్తాను. అడిగిన పని కాదనే అలవాటు నాకు లేదు.

మేయర్ గారికి తొమ్మిది పాత మోటార్ సైకిళ్లున్నాయి. అందులో 1949 మోడల్ జావా ఒకటి. ఎర్రటి ఎరుపు. దాని పేరెత్తితే చాలు, ఆయన గొంతు మెత్తబడుతుంది. నవంబరులో మొదటి మంచు పడగానే వాటికి వెచ్చని, పొడి చోటు కావాలి. ఊరు మొత్తానికి చలికాలమంతా ఒకే వెచ్చదనంతో ఉండే గది ఏది? ఫైర్ స్టేషన్! పైపుల్లో నీళ్లు గడ్డకట్టకూడదని అక్కడ రాత్రింబవళ్లు హీటర్ నడుస్తుంది. మన అగ్నిమాపక దళానికి నాయకుడెవరు? మేయర్ గారే. ఇక ఎవరిని అడగాలి? మేయరు నాయకుణ్ణి అడిగారు, నాయకుడు మేయరుకు సరేనన్నారు. చర్చ ఇంత మర్యాదగా ముగిసిన గ్రామసభ మన చరిత్రలో ఇంకొకటి లేదు.

ఫైరింజన్ బయట, మోటార్ సైకిళ్లు లోపల. ఇందులో తప్పేముంది? ఫైరింజన్ మీద రాత్రంతా మంచు కురిసినా దానికి పట్టదు. జావా అలా కాదు. దాని రంగు అసలు రంగు, దాని తోలు సీటు అసలు సీటు. చలి తగిలితే తోలు పగులుతుంది, తేమ తగిలితే నికెల్ పూతకు మచ్చలు పడతాయి. ఫైరింజన్‌కు మచ్చ పడితే ఎవరు చూస్తారు? చూసేసరికి వాళ్ల ఇల్లు తగలబడుతూ ఉంటుంది కదా!

మేయర్ గారు వాటిని కంటికి రెప్పలా చూసుకుంటారు. పెట్రోలు ట్యాంకు అంచుదాకా నింపుతారు, ఖాళీ ఉంటే లోపల తుప్పు పడుతుందని. పాత నూనె తీసి కొత్త నూనె పోస్తారు. పొగగొట్టంలో ఎలుకలు కాపురం పెట్టకుండా గుడ్డ కుక్కుతారు. ప్లాస్టిక్ కప్పరు, నూలు దుప్పటే కప్పుతారు. ఎందుకంటే బండి ఊపిరి తీసుకోవాలట. టైర్లు ఒకే వైపు నొక్కుకుపోకుండా ప్రతి ఆదివారం చక్రాలను కొంచెం తిప్పాలి. గోడ మీది తేమ కొలిచే ముల్లు చూసి, ఎంతుందో రాసి మేయర్ గారికి ఇవ్వాలి. ఈ పుణ్యకార్యం నా మీదే పడింది. తాళంచెవి నాకే ఇచ్చారు. మగవాళ్లకిస్తే లోపల చుట్ట కాలుస్తారట.

అన్నిటికన్నా ముఖ్యమైన నియమాన్ని ఆయన తన చేత్తోనే తలుపు మీద ఎర్ర అక్షరాలతో రాశారు. "ఇక్కడ భద్రపరిచిన దేన్నీ మంచు కరిగేదాకా కదపరాదు. ఎవరైనా సరే!" నడి చలికాలంలో బండిని వెచ్చటి గదిలోంచి చల్లటి గాలిలోకి, మళ్లీ వెచ్చటి గదిలోకి తిప్పడం కన్నా పెద్ద పాపం లేదని ఆయన నమ్మకం. ఆ నియమం మీద గ్రామసభ ముద్ర కూడా పడింది. ఆ ముద్ర వేసింది నేనే.

ఇంత దయ ఉన్న మనిషి ఫైరింజన్‌ను మాత్రం గాలికి వదిలేస్తారా? వదల్లేదు! చలికాలంలో పాతబండికి ఏ మర్యాదలు చేస్తారో, బయట నిలబడ్డ ఫైరింజన్‌కూ అవే చేశారు. నీళ్లు గడ్డకట్టి ట్యాంకు పగలకుండా ట్యాంకు ఖాళీ చేశారు. చక్రాలకు బరువు తగలకుండా కింద చెక్క దిమ్మలు పెట్టారు. బ్యాటరీ విప్పి తమ వంటింట్లో పొయ్యి పక్కన పెట్టుకున్నారు. పొగగొట్టంలో గుడ్డ కుక్కారు. పిచ్చుకలు దూరకుండా సైరన్ మూతిలోనూ గుడ్డ కుక్కారు. నీళ్లు లేని, బ్యాటరీ లేని, కూత లేని ఫైరింజన్ దేశంలో ఇంకెక్కడైనా ఉందేమో చూపించండి. చూద్దాం!

జనవరిలో ఒక మధ్యాహ్నం క్వేతా ఇంటి పొగగొట్టం అంటుకుంది. క్వేతా మీకు తెలుసు. ఒకప్పుడు రొట్టెల దుకాణం నడిపిన ఒంటరి మనిషి. మోకాళ్లు సహకరించకపోయినా నోరు మాత్రం ఇంకా పదునుగానే ఉంది. కట్టెల పొయ్యి మీద వెల్లుల్లి సూప్ కాస్తుండగా పైన గుప్పుమంది. మన డ్రైవరు లుబోర్ పరుగెత్తాడు. పరుగెత్తి ఏం చేశాడు? దిమ్మల ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

ఈలోపు మేయర్ గారు రొప్పుతూ వచ్చారు.

"దిమ్మలు తీశావా?"

"తీస్తున్నానండీ. బ్యాటరీ ఏదీ?"

"మా వంటింట్లో ఉంది, పొయ్యి పక్కన. తెచ్చేటప్పుడు నేల మీద పెట్టకు, చెక్క మీదే పెట్టు. చల్లదనం తగిలితే పాడవుతుంది."

"మేయర్ గారూ, అక్కడ ఇల్లు కాలిపోతోంది!"

"అందుకే చెబుతున్నా, తొందరలో పడేస్తావని!"

మేము బాల్చీలతో, మంచు ఎత్తే పారలతో చేతనైంది చేశాం. పక్క ఊరి ఫైరింజన్ వచ్చేసరికి పైకప్పు లోపలికి కూలింది. క్వేతా దుప్పటి కప్పుకుని రోడ్డు మీద కుర్చీలో కూర్చుని చూస్తోంది. లుబోర్ తల దించుకుని ఆమె పక్కన నిలబడ్డాడు.

"నీళ్లేవిరా లుబోర్?"

"ట్యాంకు ఖాళీ చేశాం పిన్నీ... తుప్పు పడుతుందని."

"మంచి పని చేశారు నాయనా. నా ఇంటికి కూడా ఇక చెద పట్టదు."

వాడు ఏడ్చాడు. ఆమె ఏడవలేదు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. ఇప్పుడు రాస్తున్నా మండుతూనే ఉంది.

కానీ నేను ఫిర్యాదు చేయడానికి కూర్చోలేదు, పొగడడానికి కూర్చున్నాను. అందుచేత మంచి వార్త చెబుతాను. ఆ రోజు ఒక్క మోటార్ సైకిల్‌కు కూడా మసి అంటలేదు! జావా తళతళ ఏమాత్రం తగ్గలేదు. అగ్నిమాపక దళం కాపాడవలసినదాన్ని చక్కగా కాపాడింది. తొమ్మిదికి తొమ్మిదీ క్షేమం. ఇలాంటి దళం ఇంకే ఊరికుంది?

క్వేతాకు వసంతకాలం దాకా తల దాచుకునే చోటు కావాలి. పైకప్పు మంచు పోయాకే వేస్తారు. మా ఇల్లు పై అంతస్తులో ఉంది, నిచ్చెనలాంటి మెట్లు. ఆమె మోకాళ్లు మూడో మెట్టు దగ్గరే మొరాయించాయి. మిగతా ఇళ్లలో నాలుగేసి రోజులుంది. "నేనేమైనా లాటరీ టికెట్టా, ఇంటింటికీ తిరగడానికి?" అని విసుక్కుంది. అప్పుడు నేనే మేయర్ గారి దగ్గరికి వెళ్లి, ఫైర్ స్టేషన్‌లో ఒక మూల మంచం వేసుకోవచ్చా అని అడిగాను.

"యార్మిలా గారూ, మీకు తెలియనిదేముంది? అక్కడ చోటెక్కడిది?"

"గోడ పక్కన కొంచెం ఉందండీ."

"మనిషన్నాక వంట చేస్తుంది, బట్టలుతుకుతుంది, ఊపిరి వదులుతుంది. తేమండీ, తేమ! నికెల్ ఏమైపోవాలి?"

దానికి బదులు ఫుట్‌బాల్ మైదానం దగ్గర ఆటగాళ్లు బట్టలు మార్చుకునే గది ఇస్తామన్నారు. దానికి హీటర్ లేదు. కొళాయిలు కూడా చలికాలమని కట్టేశారు. కిటికీ లోపలివైపు వేలితో గీకితే మంచు రాలుతుంది. క్వేతా ఆ గది చూసి, "ఇందులో పెడితే తోలు పగిలేది నాదే" అంది.

ఇక నాకప్పగించిన రెండో పని, తేమ సంగతి. పత్రిక మొదటి పేజీ తప్ప మేయర్ గారు చదవరు. ఇది రెండో పేజీ కాబట్టి కాస్త స్థిమితంగా చెప్పుకుందాం.

ఎవరూ తలుపు తెరిచిపెట్టి పోవడం లేదు. తేమ పెరగడానికి కారణం, లోపల పదో బండి చేరడమే. మూడు వారాల కిందట ఒక ఆదివారం నేనూ లుబోరూ కలిసి పెట్టాం. జావాకు అవతల, హీటరుకు దగ్గరగా. చలిగాలి దూరుతుందని మేయర్ గారితో సహా ఆ తలుపు నేను కాక ఎవరూ తెరవరు కాబట్టి ఇన్నాళ్లూ ఎవరి కంటా పడలేదు. ఇది కూడా 1949 మోడలే. రంగు కొంచెం వెలిసింది కానీ అసలు రంగే. ఒకే యజమాని ఉండేవాడు, పదేళ్ల కిందట పోయాడు. పొద్దున్నే కొంచెం దగ్గుతుంది, తర్వాత రోజంతా ఆగకుండా నడుస్తుంది. టైర్లు నొక్కుకుపోకుండా నేను వారానికోసారి కాక రోజూ వెళ్లి, మోకాళ్లకు నూనె రాసి అటూ ఇటూ నడిపిస్తున్నాను. నూలు దుప్పటే కప్పాను, ఊపిరి ఆడాలి కదా! ట్యాంకు ఖాళీగా ఉంచకూడదని రెండు పూటలా వెల్లుల్లి సూప్ పోస్తున్నాను. రాత్రి పడుకునే ముందు ఒక చిన్న గ్లాసు ప్లమ్ సారా కూడా.

పాతవాటి మీద మేయర్ గారికున్న ప్రేమ ఊరందరికీ తెలుసు. అందుకే నాకేం బెంగ లేదు. ఎవరైనా ఈ పేజీ ఆయనకు చదివి వినిపిస్తే, ఆయన కోపంగా స్టేషన్ దగ్గరికి వెళ్తే, తలుపు తీసే ముందు దాని మీది ఎర్ర అక్షరాలు ఒక్కసారి చదువుకోమని చెప్పండి.

లోపలినుంచి క్వేతా కూడా అదే చెబుతుంది. నిన్న సాయంత్రం వెళ్లేసరికి జావా పక్కన కుర్చీ వేసుకుని, గుడ్డతో దాని దీపం తుడుస్తూ కూర్చుంది.

"ఏమే యార్మిలా, మీ మేయరు వచ్చి నన్ను పొమ్మంటే ఏం చెయ్యాలి?"

"తలుపు మీద రాసింది చూపించు."

"చూపిస్తాలే," అంది. "మంచు కరిగాక నేనే పోతాను. కానీ పోయే ముందు ఆ ఫైరింజన్‌ను లోపలికి తోసి మరీ పోతాను."