బెదరని బిడ్డకు సన్మానం

మా కాలనీలో పుట్టిన ప్రతి శిశువూ మొదటి ఏడాదిలో సాధించవలసిన ప్రగతిని మా పెద్దలు ఎప్పుడో నిర్ణయించి ఉంచారని పాఠకులకు సవినయంగా మనవి చేస్తున్నాను. నాలుగో నెలకల్లా మెడ నిలపాలి. తర్వాత బోర్ల పడాలి, కూర్చోవాలి, పారాడాలి, ఏడాది నిండేసరికి అడుగెయ్యాలి. బొగ్గు ఉత్పత్తి లక్ష్యం తప్పితే మేనేజరుకు నిద్ర పట్టనట్టే, పక్క క్వార్టరు పిల్లాడు తమవాడికంటే ముందు బోర్ల పడితే మా తల్లులకు ముద్ద దిగదు. బోర్ల పడ్డనాడు పోలెలు పంచుతాం. అడుగేసిననాడు అరిసెలు పంచుతాం. బిడ్డ చెవి విన్నదని పంచే పిండివంట మాత్రం మా పూర్వీకులు ఎవరూ కనిపెట్టలేదు. కనుక ఆ సంగతి మేమెవరం చూడం. తినడానికేమీ లేని చోట మాకేం పని?

వీటన్నిటికీ మించిన పరీక్ష మాకు ఒకటుంది. సెంటినరీ కాలనీ అంచున ఉండే మా వరుస ఇళ్లకు వెనకాలే ఓపెన్‌కాస్టు గని. మధ్యాహ్నం సైరన్ మోగుతుంది, ఆ వెంటనే బండలు పేల్చే బ్లాస్టింగ్. కిటికీలు గడగడలాడతాయి, గూట్లో స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగులుకుంటాయి. కొత్తగా బదిలీ మీద వచ్చినవాళ్లు భూకంపమనుకొని చంటిపిల్లల్ని ఎత్తుకొని బయటికి ఉరుకుతారు. మేం మాత్రం పప్పు గిన్నె మీద చెయ్యి అడ్డం పెట్టి, దుమ్ము అణిగాక మళ్లీ కలుపుకుంటాం. ఆ చప్పుడుకు ఉలిక్కిపడని బిడ్డ అసలైన గని కార్మికుడి బిడ్డ. ఉలిక్కిపడి ఏడ్చిన బిడ్డ మేనమామ పోలిక. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

ఇలాంటి కాలనీకి నతానియేలు మనుమడు జోయెలు విచ్చేశాడు. పుట్టింది అమ్మమ్మగారి ఊరు బెల్లంపల్లిలో. తల్లి సారిక వాణ్ణి రెండు నెలల బిడ్డగా తీసుకొచ్చి గుడ్డ ఊయలలో పడుకోబెట్టిన రోజే గనిలో పెద్ద బ్లాస్టింగ్ జరిగింది. గోడకున్న క్యాలెండరు ఊడి పడింది. బిడ్డ కదల్లేదు. చక్కెర కోసం వచ్చిన పక్కింటి లింగవ్వ ఊయలలోకి తొంగిచూసి గుండెల మీద చెయ్యేసుకుంది.

"ఓ సుసన్నక్కా! గింత చప్పుడైతె నీ మనుమడు కన్ను గూడ తెరవలేదే! ఏం గుండె తల్లీ వీనిది!"

పొద్దుగూకేలోపు ఆ వార్త చాయ్ హోటల్ దాకా చేరింది. తాత నతానియేలు ఛాతీ రెండింతలైంది. ఆయన ఉద్యోగమంతా అండర్‌గ్రౌండులో బండకు బెజ్జాలు వేసే డ్రిల్లరుగా గడిచింది. ఇప్పుడు ఆయనతో మాట్లాడాలంటే ఎదురుగా నిలబడి అరవాలి. దాన్ని మేం చెవుడు అనం, సర్వీసు అంటాం. "మా నెత్తురే!" అని ఆయన సామాన్యమైన గొంతుతో అన్న మాట మూడు వరుసల అవతలి క్వార్టర్లలో కూడా వినిపించింది.

ఆ నాటి నుంచి బ్లాస్టింగ్ వేళకు మా ఆడవాళ్లు ఆ ఇంటికి వెళ్లి ఊయల చుట్టూ నిలబడడం ఆనవాయితీ అయింది. నెలలు గడిచేకొద్దీ జోయెలు మమ్మల్ని ఒక్కనాడూ నిరాశపరచలేదు. పైగా కూర్చోవడం వచ్చాక మరో ఘనత చూపించాడు. నేల మీద అరచేతులు ఆన్చి కూర్చుంటే, బ్లాస్టింగ్ కాగానే కిలకిలా నవ్వేవాడు. బెదరకపోవడమే గొప్ప అనుకుంటుంటే నవ్వడం కూడానా! ఇక ఆగుతామా? చాయ్ హోటల్లో వాడి ఉద్యోగం మీద చర్చ మొదలైంది. పేలుడు పెట్టించే షాట్‌ఫైరర్ కావాలని కొందరు, గనిలో పని చేయించే ఓవర్‌మ్యాన్ పరీక్ష రాయించాలని కొందరు రెండు పక్షాలయ్యారు. మా కాలనీ సంక్షేమ సంఘం అధ్యక్షుడు సంపత్ ఇరుపక్షాలనూ చల్లార్చి, ముందు పళ్లు రానివ్వమన్నాడు. నాయకత్వమంటే అది.

ఇంత సంబరంలో ఆనందం లేని మనిషి సారిక ఒక్కతే. కన్నతల్లి అయ్యుండి ఆమె సంతోషించకపోవడం మాకందరికీ మనస్తాపం కలిగించింది.

ఆమెకు మూడో నెలలోనే అనుమానం పుట్టిందట. ఎదురుగా వెళ్తే బిడ్డ ముఖమంతా నోరు చేసుకొని నవ్వుతాడు. వెనక నుంచి పిలిస్తే తిరగడు. ఆరో నెల దాకా ఊ... ఊ... అని కబుర్లు చెప్పినవాడు తర్వాత తర్వాత మానేశాడు. ఆ ఈడు పిల్లలంతా తాత, అత్త అని ఏదో ఒకటి వాగుతుంటే వీడు నోరు మెదపడు. "ఆఫీసర్ల గుణం, అనవసరంగ మాట్లాడడు" అని మేం మెచ్చుకున్నాం. ఆమె మాత్రం వాడి వెనక స్టీలు పళ్లెం పడేసి చూసింది. గజ్జెలు ఆడించి చూసింది. బిడ్డ చీమ వెంట వేలు పెట్టుకొని పోతూనే ఉన్నాడు.

"అత్తమ్మా, బాబుకు ఇనవడ్తలేదేమో. ఒక్కసారి దవాఖానల చూపిద్దాం" అంది.

సుసన్నా చేతిలో ఉన్న చేటను కింద పెట్టేసింది. "నీ నోట్లె మన్ను వడ! బంగారమసొంటి పోరన్ని పట్టుకొని గదేం మాట? మా ఇంట్ల మాటలు ఆలస్యంగనే వస్తయి. నీ పెనిమిటికి మూడేండ్లకు వచ్చినయ్. ఇప్పుడు నోరు మూస్తున్నడా?"

పెనిమిటి గిడియోన్ అప్పుడు నోరు మూసుకొనే ఉన్నాడు. నైటు షిఫ్టులో డంపర్ నడిపి వచ్చి పడుకున్నాడు. లేపి చెబితే, "నువ్వు ఫోన్ల వీడియోలు చూసుడు బంద్ జెయ్యి. లేనిపోని రోగాలన్ని అండ్లకెళ్లే వస్తయి" అని అటు తిరిగాడు.

మామ దగ్గరికి పోయి చెప్పింది. ఆయన "ఏందీ?" అన్నాడు. మళ్లీ చెప్పింది. "గట్టిగ చెప్పు బిడ్డా!" అన్నాడు. గట్టిగా చెబితే ఆ మాట వీధంతా విని, పరువు పోయిందని అత్త రెండు రోజులు అన్నం తినలేదు.

దాంతో పెద్దలు కూర్చొని ఆలోచించి, ఆ ఇంట్లో ప్రార్థన పెట్టించారు. బిడ్డ చెవుల కోసం కాదు, తల్లికి పట్టుకున్న అనుమానం పోవాలని. లింగవ్వది వేరే దేవుడైనా ఇరుగుపొరుగు ధర్మం కొద్దీ వచ్చి, పోతూ పోతూ సారికకు దిష్టి తీసింది. ఇలా రెండు మతాల సహకారంతో చికిత్స పూర్తయింది. కోడలు కుదుటపడిందనే అనుకున్నాం. ఆమె మళ్లీ ఆ మాట ఎత్తలేదు కూడా. వంటింట్లో కొళాయి తిప్పి పెట్టి ఏడ్చేదట. నీళ్లు వృథా చేస్తున్నదని అత్త చెబితే తెలిసింది.

జోయెలుకు పదో నెల నడుస్తుండగా, ప్రమాదాలు జరగకుండా మెలకువగా ఉండాలని ప్రబోధించే రక్షణ వారోత్సవాలు వచ్చాయి. ఆ సందర్భంగా సంపత్‌కు ఒక మహత్తరమైన ఆలోచన తట్టింది. కాలనీలోని ఏడాదిలోపు పిల్లలందరినీ మైదానంలో షామియానా కింద వరసగా కూర్చోబెట్టాలి, బ్లాస్టింగ్ అయ్యేదాకా ఆగాలి, ఏడవని బిడ్డకు మొదటి బహుమతి.

పోటీ నియమబద్ధంగా జరిగింది. సైరన్ మోగింది. పేలుడు జరిగింది. పిల్లలంతా ఒక్కసారి ఉలిక్కిపడి, పెదవి విరిచి, గుక్కపట్టి ఏడ్చారు. తల్లులు సిగ్గుతో తలలు వంచుకొని వాళ్లను కొంగుల్లో దాచుకున్నారు. మధ్యలో జోయెలు ఒక్కడే రెండు చేతులూ నేలకు ఆన్చి నవ్వాడు. మైదానం చప్పట్లతో హోరెత్తింది.

వేదిక మీద నతానియేలు ఒళ్లో వాణ్ణి కూర్చోబెట్టి, శాలువా కప్పి, నెత్తిన హెల్మెట్ పెట్టారు. హెల్మెట్ ముక్కు దాకా జారింది. సంపత్ గొంతు సవరించుకున్నాడు.

"సోదర సోదరీమణులారా! ఈ చిరంజీవి మన జాతి ధైర్యానికి ప్రతీక! బాంబులు పేలినా బెదరని ఇలాంటి పౌరులు ఇంటికొకరుంటే దేశానికి శత్రుభయమేది? ఇట్టి వీరుణ్ణి కన్న మాతృమూర్తిని రెండు మాటలు మాట్లాడవలసిందిగా కోరుతున్నాను."

సారిక మైకు అందుకుంది. మాట్లాడడానికి ముందుకు రాలేదు. వెనక్కి వెళ్లి, మామ కుర్చీ వెనక నిలబడి, "జోయెలూ" అని పిలిచింది. పెద్ద పెద్ద స్పీకర్లలో ఆ పేరు కాలనీ చివరి దాకా పోయింది. బిడ్డ శాలువా కుచ్చు నములుతున్నాడు. మళ్లీ పిలిచింది. ఆమె స్పీకరుకు దగ్గరగా ఉండడంతో మైకు ఒక్కసారిగా కీచుమని అరిచింది. చెవుల్లో సూదులు గుచ్చినట్టయి మేమంతా చెవులు మూసుకున్నాం. సంపత్ మూసుకున్నాడు. సుసన్నా మూసుకుంది. మూసుకోనివాళ్లు ఇద్దరే. కుచ్చు నములుతున్న మనుమడు, మీసం దువ్వుకుంటున్న తాత.

ఒక క్షణం అందరి మనసుల్లోనూ ఏదో మెదిలింది. అది ఇంకా ముందుకు పోకుండా సంపత్ మైకు లాక్కున్నాడు.

"చూసిన్రా! మైకుకు గూడ జంకలే!"

మేం మళ్లీ చప్పట్లు కొట్టాం. ఎంత ఊరటగా కొట్టామో చెప్పలేను.

కింద ఫోనులో వీడియో తీస్తున్న గిడియోన్ చప్పట్లు కొట్టలేదు. ఒక చెయ్యి ఇంకా చెవి మీదే ఉంది. వేదిక ఎక్కి కొడుకు నెత్తిమీది హెల్మెట్ తీసి కుర్చీలో పెట్టాడు. బిడ్డను భుజాన వేసుకొని, "దిగు సారికా. పోదాం" అన్నాడు.

"ఏడికిరా? ఇంక పాటలున్నయి" అంది సుసన్నా.

"కరీంనగర్" అన్నాడు. బండి తీశాడు.

కరీంనగర్‌లో పిల్లల చెవులు చూసే డాక్టరమ్మ బిడ్డకు పరీక్ష చేసింది. కీచు ధ్వనులు అసలు అందడం లేదనీ, తక్కిన వినికిడి ఏ కొద్దిగానో మిగిలుందనీ చెప్పింది. చెవులకు యంత్రాలు పెట్టి, రోజూ ఓపికగా మాట నేర్పితే వస్తుందంది. పేలుడుకు ఎందుకు నవ్వుతాడని గిడియోన్ అడిగితే, నేల అదరడం అరచేతులకు తెలిసి ఉంటుందంది.

"తేడా ఎప్పుడు గమనించారమ్మా?"

"మూడో నెలల్నే మేడమ్."

"మరి ఇప్పుడా తీసుకొచ్చేది? ఒక్కో నెలా ఎంత విలువైందో తెలుసా?"

సారిక గిడియోన్ వంక చూసింది. గిడియోన్ నేల చూశాడు. బయట వరండాలో ఆమె ఏడుస్తుంటే, "నాదే తప్పు. నువ్వు చెప్తాంటే పండుకున్న" అన్నాడు.

వాళ్లు కాలనీకి తిరిగొచ్చాక మేమంతా పరామర్శకు వెళ్లాం. లింగవ్వ సారికను పట్టుకొని భోరుమంది. "అయ్యో బిడ్డా, గిన్ని దినాలు ఎందుకు చెప్పలేదే? కన్నతల్లివి, నీకు తెల్వద్దా?" ఆ ప్రశ్న మాకందరికీ చాలా సబబుగా తోచింది. వచ్చినవాళ్లమంతా ఒకరి తర్వాత ఒకరం అదే అడిగాం.

ఇంతటి ఉపేక్ష మరే ఇంట్లోనూ జరగకూడదని సంక్షేమ సంఘం కంకణం కట్టుకుంది. రెండు నెలలు తిరగకుండానే 'శిశు వికాసం - తల్లి బాధ్యత' అనే అంశంపై భారీ సదస్సు ఏర్పాటు చేసింది. సారికను ఉదాహరణగా ముందు వరసలో కూర్చోబెట్టారు. ఒళ్లో జోయెలు, వాడి రెండు చెవులకూ యంత్రాలు. సంపత్ అనర్గళంగా మాట్లాడాడు. తల్లులు సెల్‌ఫోన్ల మోజులో పడి బిడ్డలను గమనించడం లేదని ఆవేదన వ్యక్తం చేశాడు. మరో ముగ్గురు పెద్దమనుషులు అదే ఆవేదనను వేరే మాటల్లో వ్యక్తం చేశారు. నాలుగు గొంతులూ మగవే కావడం యాదృచ్ఛికం.

చివర్లో సారిక లేచి నిలబడి, "నేనొక్క మాట చెప్త" అంది. సమయాభావం వల్ల మైకు అప్పటికే కట్టేశారు. పక్క షామియానాలో బగారన్నం మూత తీశారు, కోడికూర వాసన కొట్టింది. సభ మొత్తం క్రమశిక్షణతో పళ్లేలు పట్టుకొని అటు నడిచింది. ఆమె ఖాళీ కుర్చీల మధ్య నిలబడి, బిడ్డను గిడియోన్ చేతికిచ్చి, ఉత్త గొంతుతోనే చెప్పసాగింది. ఏం చెప్పిందని నన్నడగకండి, నేను అన్నం వరసలో ముందున్నాను. ఆమె గొంతు విని తల తిప్పింది మాత్రం జోయెలు ఒక్కడే.