మూడు వేల ఒకటో అంకె

ఉదయం తొమ్మిదికి బావమరిది ప్రెస్సు నుంచి పోస్టరు వస్తుంది. తొమ్మిదిన్నరకి గోడకెక్కుతుంది. పదికి తనిఖీ మేడం వస్తారు. లెక్కల మాస్టారి పథకం అంతే. కాలేజీలో లెక్కల శాఖ ఎత్తేసి, ఆ గదిలో వ్యాయామ పరికరాలు పెట్టించాలని ప్రిన్సిపాల్ గారు ఏడాదిగా కాచుకుని ఉన్నారు. శాఖ ఉండాలో పోవాలో తేల్చేది మేడమే. ఆవిడ స్వయంగా లెక్కల ప్రొఫెసరు.

అందుకే మాస్టారు పదకొండు రోజులు కంప్యూటరుకి విశ్రాంతి లేకుండా చేసి ఒక ప్రధాన సంఖ్యను పట్టుకున్నారు. మూడు వేల ఒక్క అంకెలు. ఒకటితో, తనతో తప్ప మరే సంఖ్యతో భాగించినా శేషం మిగిల్చే మొండిఘటం.

బావమరిది పోస్టరు పట్టుకుని వచ్చాడు. వరుసకి వంద అంకెలు, ముప్ఫై వరుసలు, చుట్టూ బంగారు రంగు అంచు. గోడకి తగిలించాక మాస్టారు మురిసిపోతూ చివరి అంకె దాకా వచ్చి ఆగిపోయారు. అక్కడ ఎనిమిది ఉంది. ఎనిమిదితో ముగిసే సంఖ్య రెండుతో పోతుందని మూడో తరగతి పిల్లలకీ తెలుసు.

"ఒరేయ్, చివర ఏడు ఉండాలి కదా, ఏదిరా?"

"అదా బావా! ముప్ఫై ఒకటో వరుసలో ఒక్కటే ఒంటరిగా వేలాడుతోంది. అలా వదిలేస్తే మా ప్రెస్సుకి పరువు తక్కువ. తీసేశా."

"తీసేశావా! అది ఉంటేనేరా ప్రధాన సంఖ్య!"

"ఏడులకేం కరువు బావా? పైన మూడొందల దాకా ఉన్నాయి."

మాస్టారు అతని పీక పట్టుకునేలోపే గేటు దగ్గర కారు ఆగింది. "ఏం చేస్తావో తెలీదు, చివర ఏడు కనపడాలి. లేకపోతే మీ అక్కతో చెప్తా!" అని ఆయన బయటికి పరిగెత్తారు.

బావమరిది సంచిలోంచి స్టిక్కరు కాగితం తీసి ఏడు కత్తిరించాడు. పక్కన పెడదామంటే అంచు అడ్డం. కింద పెడదామంటే మళ్లీ ఒంటరి. ఎనిమిది మీదే అంటించేశాడు.

మేడంతో లోపలికి వచ్చిన మాస్టారికి చివర ఏడు కనిపించి ప్రాణం లేచొచ్చింది. ఆ ప్రాణం ఎంతోసేపు నిలవలేదు. మేడం పెన్సిలు తీసి, పెదవులు కదుపుతూ అంకెలు కూడటం మొదలుపెట్టారు! అంకెల మొత్తం మూడుతో పోతే సంఖ్య కూడా మూడుతో పోతుంది. వెనకే వచ్చిన ప్రిన్సిపాల్ గారు హుషారుగా కుర్చీ తెచ్చి వేశారు. నలభై నిమిషాలకి మేడం చివరి అంకె దాకా వచ్చారు.

"పదమూడు వేల ఐదు వందల మూడు," అన్నారు మేడం. "మూడుతో పోతోంది మాస్టారూ. ఇది ప్రధాన సంఖ్యేనా?"

మాస్టారు వరుసలు లెక్కపెట్టారు. ముప్ఫై. అనుమానం వచ్చి గోటితో ఏడుని గీకారు. కింది నుంచి ఎనిమిది తొంగిచూసింది.

"దాని కింద ఇంకోటి దాచారా?" అన్నారు మేడం.

"దాచింది నేనండీ! బావకేం తెలీదు," అన్నాడు బావమరిది. "అసలు ఏడు వేరే ఉంది. ఒంటరిగా ఉందని నేనే..."

ఇదే సమయమనుకున్నారు ప్రిన్సిపాల్ గారు. "చూశారా మేడం, వీళ్ల నిర్వాకం! అయినా ఒక్క అంకె కోసం ఇంత రాద్ధాంతమా? అంత పెద్ద సంఖ్యలో ఒకటి పోతే ఏమవుతుందండీ?"

మేడం మెల్లగా ఆయన వైపు తిరిగారు. "మీ ఫోన్ నంబరు చెప్పండి."

ఆయన చెప్పారు. ఆవిడ రాసుకున్నారు.

"చివరి అంకె తీసేశాను. దీనికి ఫోన్ చేస్తే మీరు పలుకుతారా?"

ప్రిన్సిపాల్ గారు తను తెచ్చిన కుర్చీలో తనే కూర్చున్నారు.

మేడం అక్కడే నిలబడి నివేదిక రాసేశారు: 'ఈ కాలేజీకి లెక్కల శాఖ అత్యవసరం. ప్రిన్సిపాల్ గారు కూడా వారానికి రెండు తరగతులకి హాజరు కావాలి.'

సోమవారం కొత్త పోస్టరు గోడకెక్కింది. ముప్ఫై ఒకటో వరుసలో ఏడు భద్రంగా ఉంది. అది ఒంటరిగా ఉందని జాలిపడి, బావమరిది దాని కుడి పక్కన గుండ్రంగా చిన్న పువ్వు కూడా వేశాడు.

దూరం నుంచి చూస్తే అది అచ్చం సున్నాలా ఉంది.