భల్లయ్య సొరబుర్ర

ఒక పెద్ద అడవిలో భల్లయ్య అనే ఎలుగుబంటి వారం వారం ఒకే వింత కథను కొంచెం కొంచెంగా చెప్పేవాడు. ఆ కథలో, చెరువులో తన నీడతో మాట్లాడుకునే జింక ఒకటి ఓ పొద్దున మాయమైపోయింది. ఎక్కడికెళ్ళింది? ఏడాదిగా అడవికి ఇదే బెంగ.

కథ మధ్యలో భల్లయ్య కొమ్మకు వేలాడే సొరబుర్ర అందుకుని గుక్కెడు నీళ్ళు తాగేవాడు. తర్వాతేం చెప్పాలో మర్చిపోయినప్పుడు పాపం అతనికి అదే దిక్కు. గొంతు తడిసేలోగా కథ గుర్తొచ్చేది.

ఊరుకుంటే అది నక్క ఎందుకవుతుంది? గుంటనక్క నాగభూషణం 'అంతరార్థ పరిశోధక సంఘం' పెట్టి, తానే అధ్యక్షుడై కూర్చున్నాడు.

"బుర్ర ఎత్తినప్పుడల్లా కథ మలుపు తిరుగుతోంది, గమనించారా? జింక ఆత్మ అందులోనే ఉంది!" అన్నాడు.

"అమ్మమ్మమ్మ! నాకు మొదట్నుంచీ అనుమానమే," అంది నెమలమ్మ. ఆవిడకి అనుమానం రావడం అదే మొదలు.

"దాహమేసి తాగుతున్నాడేమో," అన్నాడు తాబేలు తాత.

"లోతు తెలియనివాళ్ళు వెనక కూర్చోండి!" అని కసిరాడు నాగభూషణం. చెరువు అడుగున కాపురముండే తాత వెనక్కి జరిగాడు.

చివరి వారం వచ్చింది. బుర్రను ఎవరూ ముట్టకూడదని సంఘం తీర్మానించి, చుట్టూ ముళ్ళపందుల్ని కాపలా పెట్టింది.

"జింక ఎక్కడికెళ్ళిందంటే..." అంటూనే భల్లయ్య మర్చిపోయాడు. చెయ్యి చాపితే ముళ్ళు గుచ్చుకున్నాయి.

"ఒక్క గుక్క, నాయనా! మీ కాళ్ళు పట్టుకుంటాను."

"ఆత్మను తాగేస్తావా?" అని గద్దించాడు నాగభూషణం.

"నా మంచినీళ్ళయ్యా అవి!"

"నువ్వు చెప్పేవాడివే కదా, అర్థం నీకేం తెలుసు?" అంది నెమలమ్మ.

భల్లయ్య కళ్ళనీళ్ళు పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఏడాది కథ గొంతులోనే ఉండిపోయింది.

"మరి ముగింపు?" అని అరిచాయి కోతులు.

నాగభూషణం ఠీవిగా బండరాయి ఎక్కి బుర్ర పగలగొట్టాడు. నీళ్ళు కారాయి.

"జింక కన్నీళ్ళు!" అన్నాడు.

"సరే, జింకేది?"

నాగభూషణం నీడ గురించి చెప్పాడు, నీటి గురించి చెప్పాడు, శూన్యం గురించి కూడా చెప్పాడు. జింక మాత్రం రాలేదు. కోతులు మారేడుకాయలు అందుకునేసరికి తోక ముడిచి పరుగెత్తాడు.

అడవంతా భల్లయ్య గుహకు పోయింది. అతను వాగులో కడుపునిండా తాగొచ్చి హాయిగా కూర్చున్నాడు.

"జింకా? పుట్టింటికెళ్ళింది. నీళ్ళలో చూసుకుంటే వాళ్ళమ్మ పోలికే కనబడేది పిచ్చిదానికి. బెంగ ఆపుకోలేక వెళ్ళిపోయింది."

అందరూ కళ్ళు తుడుచుకున్నారు. అంతలో నెమలమ్మ మెడ చాచి, "అయితే భల్లయ్యా, పుట్టిల్లంటే దేనికి సంకేతం?" అంది.

భల్లయ్య కొత్త బుర్ర ఎత్తాడు.

నీతి: అర్థం లేకపోయినా కథ నడుస్తుంది, కథకుడికి నీళ్ళు లేకపోతే నడవదు.